ముందు నీళ్లు రోజూ ఇవ్వండి, తర్వాత డ్రై డే అడగండి

మా కాలనీలోకి ఫాగింగ్ ఆటో వచ్చిందంటే ఎవరికో డెంగీ వచ్చిందని అర్థం. జ్వరం రావాలి, టెస్టులో తేలాలి, ఆ కబురు వార్డు ఆఫీసుకు చేరాలి, అప్పుడు ఆటో బయల్దేరాలి. ఈలోగా వారం పది రోజులు గడిచిపోతాయి. ఓ సాయంత్రం పూట తెల్లటి పొగ కక్కుకుంటూ ఆటో సందులోకి తిరుగుతుంది. పిల్లలు దాని వెనక పరిగెత్తుతారు, పెద్దవాళ్లు గబగబా కిటికీలు మూసేస్తారు, ఎవరో ఒకరు వీడియో తీసి కాలనీ గ్రూపులో పెడతారు. కింద పది దండాల ఎమోజీలు. ఆ రాత్రి అందరూ కాస్త ధైర్యంగా పడుకుంటారు.

డెంగీ దోమ కూడా ధైర్యంగానే పడుకుంటుంది. ఎందుకంటే ఆ టైములో అది వీధిలో లేదు. మంచం కింద, బీరువా వెనక, తలుపు వెనక కొక్కేనికి తగిలించిన చొక్కాల మడతల్లో ఉంది. పొగ లోపలికి రాకుండా కిటికీలు మూసింది మనమే. ఆ పొగమందు గాల్లో ఎగురుతున్న దోమకి నేరుగా తగిలితేనే చంపుతుంది. గోడల మీద నిలిచి నాలుగు రోజులు పనిచేసే రకం కాదు. డ్రమ్ములో ఈదుతున్న లార్వా జోలికి అసలే పోదు. కేసు వచ్చిన ఇంట్లోనూ చుట్టుపక్కల ఇళ్లలోనూ లోపలికెళ్లి పైరెత్రం అనే దోమలమందు కొట్టాలని ప్రభుత్వ మార్గదర్శకాలే చెబుతున్నాయి. కానీ ఇంటింటికీ తిరగాలంటే మనుషులు కావాలి. పొగకైతే ఒక ఆటో, ఒక డ్రైవరు చాలు.

చాలాకాలంగా నాకు అనిపిస్తున్న మాట ఇదీ. డెంగీని మనం దోమల జబ్బు అంటున్నాం, చెత్త వల్ల వచ్చే జబ్బు అంటున్నాం. మన ఊళ్ల వరకు అది ముందుగా నీళ్ల సరఫరా జబ్బు. కుళాయి రోజూ రాని ఊళ్లో ఇంటింటికీ దోమల తొట్టి ఒకటి ఉంటుంది. ఆ తొట్టిని జనం సరదాకి పెట్టుకోలేదు.

దీన్ని ఒప్పుకోవడానికి ముందు మన బుర్రలో కలిసిపోయిన మూడు దోమల్ని విడదీయాలి. మలేరియాది అనాఫిలిస్ దోమ, రాత్రిళ్లు కుడుతుంది. ఆ దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. బేగంపేటలో ఆయన పేరిట ఆ భవనం ఇప్పటికీ ఉంది. రెండోది మురుగుకాలవ దోమ, క్యూలెక్స్. రాత్రి చెవి దగ్గర రొద పెట్టి నిద్ర చెడగొట్టేది, బోదకాలు అంటించేది ఇదే. దోమలు పెరిగాయని మనం కార్పొరేషన్‌కి ఫోన్ చేసేది ఎక్కువగా దీని గురించే. మూడోది ఈడిస్ ఈజిప్టై. నల్లటి ఒళ్లు, కాళ్ల మీద తెల్లటి చారలు. పొద్దుపొద్దున్నే, మళ్లీ చీకటిపడే ముందు ఎక్కువగా కుడుతుంది. పెద్దగా చప్పుడు చేయదు. కాళ్ల దగ్గర కుట్టి, మనం కదిలితే లేచి పక్కవాళ్ల మీద వాలుతుంది. ఒక్క పూట భోజనానికి ఇద్దరు ముగ్గుర్ని కుట్టడం దానికి మామూలే. ఒక ఇంట్లో వరసగా అందరూ పడకేయడానికి ఇదో కారణం.

ఈ మూడోదానికి మురుగు అక్కర్లేదు. దానికి కావలసింది కదలని, కాస్త తేటగా ఉన్న నీళ్లు, అవీ మనిషికి దగ్గర్లో. తెలంగాణ పల్లెల్లో గోలెం, కోస్తాలో గాబు, పట్నంలో నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము, మూత సరిగా పట్టని సంపు, కూలర్ అడుగు, ఫ్రిజ్ వెనక ట్రే, పెరట్లో పనిలేని రోలు. మురుగు తీయలేదని మనం తిట్టుకుంటున్న కాలవలో అది పుట్టదు. మనం రాత్రి మేలుకుని పట్టుకున్న మంచినీళ్లలో పుడుతుంది.

పుట్టే తీరు కూడా చూడాలి, అసలు సంగతి అక్కడే ఉంది. ఆడదోమ గుడ్లు నీళ్లలో వదలదు. నీటిమట్టానికి కాస్త పైన, తడిగా ఉన్న గోడకి అంటిస్తుంది. నీళ్లు తగ్గిపోయి గోడ ఎండినా ఆ గుడ్లు చావవు, నెలల తరబడి అలాగే ఉంటాయి. మళ్లీ నీళ్లు పైకొచ్చి గుడ్లు మునిగినప్పుడు పొదుగుతాయి. అక్కడి నుంచి వారం పది రోజుల్లో రెక్కలొచ్చేస్తాయి. ఇప్పుడు మూడు రోజులకోసారి కుళాయి వచ్చే ఇంట్లో డ్రమ్ముని ఊహించుకోండి. వాడినకొద్దీ నీళ్లు కిందికి దిగుతాయి, తడి అంచు బయటపడుతుంది, దోమ గుడ్లు పెడుతుంది. కుళాయి రాగానే డ్రమ్ము నింపుతారు, గుడ్లు మునుగుతాయి. అడుగున ఉన్న పాత నీళ్లు ఎవరూ పారబోయరు, వాటిపైనే కొత్తవి పడతాయి. దిగడం, నిండడం, దిగడం, నిండడం. ఆ దోమ కోసమే టైంటేబుల్ వేసినా ఇంతకంటే బాగా వేయలేరు.

ఇదేం కొత్త సంగతి కాదు. ఈ దోమది ఆఫ్రికా, అడవిలో చెట్టు తొర్రల్లో నిలిచిన నీళ్లలో పెరిగేది. మనిషి ఎండాకాలానికి కుండల్లో నీళ్లు దాచుకోవడం మొదలుపెట్టాక ఇంట్లోకి చేరింది. బానిసల వ్యాపారం రోజుల్లో ఓడల మీది మంచినీళ్ల పీపాల్లో అట్లాంటిక్ దాటి అమెరికాలకు పాకింది. ఎక్కడ మనిషి నీళ్లు దాచుకుంటే అక్కడ అది ఉంటుంది, దాని చరిత్రంతా ఇంతే.

అలాంటప్పుడు మన ప్రభుత్వాలు అడుగుతున్నదేంటి? డ్రై డే. వారానికోసారి నీళ్లన్నీ పారబోసి, తొట్లు రుద్ది కడిగి ఆరబెట్టండి అంటున్నారు. శుక్రవారం డ్రై డే అంటారు. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో ‘దోమలపై దండయాత్ర’ అని ర్యాలీలు తీశారు. 2020లో తెలంగాణలో ‘ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు’ అన్నారు, మంత్రులు పూలకుండీల కింది పళ్లాలు వంచుతూ ఫొటోలు దిగారు. శాస్త్రం ప్రకారం ఇందులో తప్పేమీ లేదు. గుడ్డు నుంచి దోమ రావడానికి వారం పైన పడుతుంది కాబట్టి వారానికోసారి ఖాళీ చేస్తే గొలుసు తెగుతుంది. పూలకుండీకి, కూలర్‌కి, పాత టైరుకి ఆ సలహా బాగా పనిచేస్తుంది.

నీళ్ల డ్రమ్ము సంగతి వేరు. మా అక్కవాళ్లది రాయలసీమలో ఓ చిన్న టౌను. నాలుగు రోజులకోసారి నీళ్లొస్తాయి, అవీ ఏ అర్ధరాత్రో తెల్లవారుజామునో. ఓసారి ఫోన్లో తెలివిగా, “అక్కా, శుక్రవారం శుక్రవారం డ్రమ్ములు ఖాళీ చేసి రుద్దమంటున్నారు కదా, చేస్తున్నారా?” అని అడిగాను. “చేస్తాలే. మళ్లీ కుళాయి వచ్చేది సోమవారం. అప్పటిదాకా వంటకి, పిల్లోళ్ల స్నానాలకి నీళ్లు నువ్వు మోసకొస్తావారా?” అంది. నా దగ్గర జవాబు లేదు. డ్రై డే పోస్టరు వేసినవాళ్ల దగ్గర మాత్రం ఉందా?

ఆ పోస్టరులో ఇంకో సంగతి కూడా ఉంది, దాన్ని ఎవరూ పైకి అనరు. పారబోయమన్నా, రుద్దమన్నా, మూత పెట్టమన్నా ఆ పనంతా పడేది ఇంట్లో ఆడవాళ్ల మీద. రాత్రి మేలుకుని పట్టింది వాళ్లే, పొద్దున పారబోయాల్సిందీ వాళ్లే. నీళ్లు ఇవ్వాల్సిన మున్సిపాలిటీ పని మాత్రం కరపత్రంతో అయిపోతుంది.

ఇదంతా నా ఊహ అనుకోకండి. వియత్నాంలో ఖాన్ హోవా అనే ప్రాంతంలో సుమారు 75 వేల ఇళ్లను మ్యాపు మీద గుర్తించి, ఏ ఇంట్లో డెంగీ వచ్చిందో, చుట్టూ జనసాంద్రత ఎంతో, కుళాయి ఉందో లేదో పోల్చిచూశారు. ఆ పరిశోధన 2011లో అచ్చయింది. డెంగీ అంటే కిక్కిరిసిన నగరాల జబ్బు అని అప్పటిదాకా అందరి నమ్మకం. తేలింది వేరు. చదరపు కిలోమీటరుకు మూడు వేల నుంచి ఏడు వేల మంది ఉండే మధ్యరకం చోట్ల, అదీ కుళాయి నీళ్లు సరిగా లేని చోట్ల, ముప్పు ఎక్కువగా ఉంది. పెద్ద పల్లెలు, నగరాల శివార్లు అన్నమాట. మన ఊళ్లలో కొత్తగా వేసిన వెంచర్లు, పైపులైను ఇంకా పోని కాలనీలు, ట్యాంకర్ కోసం బిందెలు వరసపెట్టే బస్తీలు గుర్తొస్తే అది నా తప్పు కాదు.

వియత్నాం వాళ్లే ఇంకో చిత్రమైన పని చేశారు. నీళ్ల తొట్లు ఎలాగూ ఖాళీ చేయించలేమని, వాటిలో మీసోసైక్లాప్స్ అనే కంటికి ఆనీ ఆనని చిన్న జలచరాలను వదిలారు. అవి అప్పుడే పుట్టిన లార్వాలను తినేస్తాయి. ఊళ్లో ఆరోగ్య కార్యకర్తలు, స్కూలు పిల్లలు కలిసి ఇంటింటికీ పంచారు. చాలా ఊళ్లలో ఈడిస్ దోమ కనిపించకుండా పోయింది, డెంగీ ఆగింది. తొట్టి ఉండక తప్పదని ఒప్పుకుని, అక్కడి నుంచి ఆలోచించారు, నాకు నచ్చింది అదీ. మన దగ్గర లార్వాలను తినే గాంబూజియా చేపల్ని చెరువుల్లో వదిలే అలవాటు ఉంది గానీ, ఇంటి డ్రమ్ములో చేపని మా అక్క ఒప్పుకోదు.

మీసోసైక్లాప్స్ అనగానే పాతతరం వాళ్లకి నారికురుపు గుర్తుకు రావాలి. ఆ జబ్బును మోసింది ఇదే కుటుంబానికి చెందిన నీటిపురుగు. దిగుడుబావుల నీళ్లు తాగిన ఊళ్లలో కాళ్లలోంచి తెల్లటి పురుగు దారంలా బయటికొచ్చేది. దానికి టీకా లేదు, చెప్పుకోదగ్గ మందూ లేదు. దిగుడుబావులు మూయించారు, బోర్లు వేశారు, నీళ్లు గుడ్డతో వడకట్టుకోవడం నేర్పారు. 1996లో రాజస్థాన్‌లో చివరి కేసు, 2000లో దేశం నుంచి పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరణ. నీళ్లు బాగుచేసి ఒక జబ్బును దేశం దాటించిన అనుభవం మనకే ఉంది. డెంగీ దగ్గరికి వచ్చేసరికి అదెందుకో ఎవరికీ గుర్తురాదు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. సింగపూర్‌లో ఇరవై నాలుగ్గంటలూ నీళ్లొస్తాయి, ఇంటికొచ్చి తనిఖీ చేస్తారు, లార్వా కనిపిస్తే జరిమానా వేస్తారు, అయినా అక్కడ డెంగీ ఉంది కదా అని. మన దగ్గరా జూబ్లీహిల్స్ బంగళాల్లో కూడా డెంగీ వస్తోంది కదా అని. నిజమే. నీళ్లు రోజూ ఇస్తే డెంగీ మాయమైపోతుందని నేననడం లేదు. సింగపూర్‌లో దోమల్ని దశాబ్దాలుగా అణిచిపెట్టారు కాబట్టి జనంలో ఎక్కువమందికి డెంగీ తగల్లేదు, వాళ్లకి రోగనిరోధక శక్తి లేదు, అందుకే కొద్దిపాటి దోమలకే జబ్బు పాకుతుంది. మన పరిస్థితి దానికి పూర్తి తలకిందులు. 2017–18లో దేశవ్యాప్తంగా రక్తపరీక్షలతో చేసిన సర్వేలో, 5 నుంచి 45 ఏళ్లవాళ్లలో దాదాపు సగంమందికి అప్పటికే డెంగీ సోకి ఉందని తేలింది. దక్షిణాదిలో అది 76.9 శాతం. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు. చాలామందికి అది మామూలు జ్వరంగా వచ్చి పోయి ఉంటుంది, లేదా ఏ లక్షణమూ కనిపించి ఉండదు. ఇది ఊరట కాదు. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చి తగ్గినవాళ్లకి రెండోసారి వేరే రకం సోకితే ప్రమాదం ఎక్కువ. పూలకుండీలు వంచడం, బిల్డర్లకు జరిమానాలు వేయడం కావాలి. నిర్మాణంలో ఉన్న సెల్లార్లలో నెలల తరబడి నీళ్లు నిలబెట్టినవాళ్లని వదిలేసి, డ్రమ్ము మూత తీసి ఉందని ఓ పేదింటావిడకి నోటీసు ఇవ్వడం మాత్రం వద్దు.

పొగనే ప్రభుత్వాలు ఎందుకు ప్రేమిస్తాయో అర్థం చేసుకోవడం కష్టం కాదు. లెక్కల తీరే అలా ఉంది. 2010లో దేశం మొత్తం మీద అధికారికంగా నమోదైన డెంగీ కేసులు 28,292. అదే ఏడాదికి శాస్త్రవేత్తలు వేసిన అంచనా ప్రకారం మనదేశంలో లక్షణాలతో డెంగీ వచ్చినవాళ్లు సుమారు 3.3 కోట్లు. వేలకూ కోట్లకూ ఉన్న తేడా ఇది. ఎలైజా పరీక్షలో తేలినవే లెక్కలోకొస్తాయి, వీధి చివర ల్యాబులో కార్డు టెస్టుతో పాజిటివ్ వచ్చినవి రావు, అసలు టెస్టుకే వెళ్లనివాళ్లు ఎవరికీ తెలియరు. 2023లో నమోదైనవి 2,89,235, మరణాలు 485. కేసు కనబడితేనే పని మొదలయ్యే పద్ధతిలో, కనబడని వాటి చుట్టూ దోమ తన పని తాను చేసుకుంటుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో దోమలు తక్కువ, గుడ్లు డ్రమ్ముల అంచుల్లో వానల కోసం, కుళాయి కోసం ఎదురుచూస్తుంటాయి. పనిచేయాల్సిన నెలలవి. అప్పుడు ఆటో షెడ్డులో ఉంటుంది.

కంటికి కనిపించేదాని మీదే గురిపెట్టే ఈ అలవాటు ఆసుపత్రిలోనూ ఉంది. మా ఆఫీసులో ఒకతని కొడుకుని డెంగీతో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ పొద్దున, సాయంత్రం చెప్పిన మాట ఒక్కటే, ప్లేట్‌లెట్ల అంకె. అరవై వేలు, నలభై రెండు, ముప్పై ఎనిమిది. ప్రతి అంకెకీ ఇంటిల్లిపాదికీ టెన్షన్, దాతల కోసం గ్రూపుల్లో మెసేజీలు, బొప్పాయి ఆకుల కోసం ఊరంతా వెతుకులాట. పిల్లాడికి ఎక్కడా రక్తస్రావం లేదు. అయినా ప్లేట్‌లెట్లు ఎక్కించారు, బిల్లు చేతికిచ్చారు. డెంగీలో ప్రాణం తీసేది ఎక్కువగా అంకె తగ్గడం కాదు. రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవం, బయటికి కారిపోయి బీపీ పడిపోవడం. రక్తం చిక్కబడుతోందా అని హెమటోక్రిట్ చూడాలి, సరిపడా ద్రవం ఇవ్వాలి, ఎక్కువైపోకుండానూ చూడాలి. అది జరిగేది కూడా జ్వరం దిగిపోయి, ఇక పర్లేదులే అనుకునే సమయంలోనే, మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య. ఆపకుండా వాంతులు, కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, మత్తుగా పడి ఉండటం, ఒంటేలు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రికి పరిగెత్తాలి. జ్వరానికి పారాసిటమాల్ తప్ప బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటివి వేయకూడదు. రక్తస్రావం లేనివాళ్లకి ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే లాభం లేదని, పైగా ఇబ్బందులు ఎక్కువని సింగపూర్, మలేసియాల్లో చేసిన ట్రయల్ 2017లోనే తేల్చింది. మనవాళ్లకి మాత్రం ప్లేట్‌లెట్ల సంచి వేలాడుతుంటేనే వైద్యం జరుగుతున్నట్టు. వీధిలో పొగ ఎలాగో, వార్డులో ఈ సంచి అలాగ.

టీకాలు, కొత్త దోమలు ఏదో ఒక రోజు మనల్ని కాపాడతాయని చాలామంది ఆశ. నాకూ ఉంది. దోమలో డెంగీ వైరస్‌ను పెరగనివ్వని వోల్బాకియా అనే బ్యాక్టీరియాను ఎక్కించిన ఈడిస్ దోమల్ని ఇండోనేసియాలో యోగ్యకర్త నగరంలో వదిలితే డెంగీ కేసులు 77 శాతం తగ్గాయి, 2021లో ఆ ఫలితాలు వచ్చాయి. పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ కేంద్రం కూడా అలాంటి దోమల్ని తయారుచేసింది. మన దేశంలో పనాసియా బయోటెక్ టీకాకి 2024లో మూడోదశ ట్రయల్ మొదలైంది. కానీ నాలుగు రకాల వైరస్‌కీ సమానంగా పనిచేయకపోతే టీకాతోనే కష్టాలొస్తాయని ఫిలిప్పీన్స్ అనుభవం చెబుతోంది. 2016లో అక్కడ ఎనిమిది లక్షలకు పైగా పిల్లలకి డెంగ్‌వాక్సియా అనే డెంగీ టీకా వేశారు. ముందెప్పుడూ డెంగీ సోకని పిల్లలకి అది తర్వాత జబ్బును తీవ్రం చేయొచ్చని 2017లో తయారీ సంస్థే చెప్పడంతో కార్యక్రమం ఆగిపోయింది. మిగతా టీకాల మీద కూడా జనానికి నమ్మకం సడలింది. కాబట్టి టీకా వచ్చేదాకా ఆగుదాం అనడానికి లేదు. పైపులైను ఏ ట్రయలూ అక్కర్లేని మందు.

రోజంతా నీళ్లు ఇవ్వడం మన దేశంలో అయ్యే పని కాదు అంటారు. ఒడిశాలో పూరి పట్టణం 2021 నుంచి ఇరవై నాలుగ్గంటలూ కుళాయిలోంచే తాగే నీళ్లు ఇస్తోంది. కర్ణాటకలో హుబ్బళ్లి–ధారవాడలో కొన్ని వార్డులకు అంతకుముందెప్పుడో మొదలైంది. హైదరాబాద్‌లో 2021 నుంచి నెలకు ఇరవై వేల లీటర్లు ఉచితం. నీళ్లు ఉచితమే, కాకపోతే చాలా బస్తీల్లో రోజు విడిచి రోజు. నన్నడిగితే సగం ఉచితం తీసేసి రోజూ ఇవ్వండి అంటాను. ఈ మాటకి నన్ను తిట్టేవాళ్లు ఉంటారని తెలుసు. ఇరవై నాలుగ్గంటలు కూడా అక్కర్లేదు, ప్రతిరోజూ ఒకే టైముకి ఓ గంట నమ్మకంగా వస్తే చాలు, జనం డ్రమ్ములు వాళ్లే తగ్గించుకుంటారు. రేపు వస్తుందో రాదో అన్న భయంతోనే ఎవరైనా నాలుగు రోజుల నీళ్లు దాస్తారు.

పైపులైను పడేలోపు చేయగలిగిందీ ఉంది. డ్రమ్ములకి గట్టి మూతలు లేదా పాత నూలుచీర గుడ్డ బిగించి తాడు కట్టడం, నీళ్లు అడుగంటిన రోజు లోపలి అంచుని పీచుతో గట్టిగా రుద్దడం. ఊరికే కడిగితే గుడ్లు ఊడిరావు. మూతల డ్రమ్ములు మున్సిపాలిటీయే పంచితే పొగమందు ఖర్చులోంచే కొంత సర్దుకోవచ్చని నా అనుమానం. మనం ‘మలేరియా వాళ్లు’ అని పిలిచే ఎంటమాలజీ సిబ్బంది డ్రమ్ములో మందు వేస్తామంటే వేయనివ్వండి. తగిన మోతాదులో తాగేనీళ్లలో కూడా వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకున్న మందు అది. ఔట్‌సోర్సింగ్ జీతాలకి ఎండలో మెట్లెక్కి దిగే వాళ్లని గేటు దగ్గరే తరిమేసి, సాయంత్రం పొగ ఆటో రాలేదని గ్రూపులో తిట్టే అపార్ట్‌మెంట్లు నాకు బాగా తెలుసు.

2025లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరు కార్పొరేషన్లలో కృత్రిమ మేధతో దోమల్ని లెక్కపెట్టే యంత్రాలు పెడతామని ప్రకటించారు. పెట్టనివ్వండి, మంచిదే. కానీ ఈసారి మీ వార్డు సభలో ఒక్కటి అడిగి చూడండి. ఏ వీధికి ఎన్ని రోజులకోసారి నీళ్లొస్తున్నాయో ఓ కాగితం మీద, ఏ వీధిలో ఎన్ని డెంగీ జ్వరాలో ఇంకో కాగితం మీద రాసి, రెండూ పక్కపక్కన పెట్టి చూపించమనండి. ఒకటి నీళ్ల విభాగం దగ్గర ఉంటుంది, ఇంకోటి ఆరోగ్య విభాగం దగ్గర. రెండు విభాగాలూ చాలాచోట్ల ఒకే ఆఫీసు మెట్లెక్కుతాయి. మొదటి కాగితానికి యంత్రాలు కూడా అక్కర్లేదు, వాల్వు తిప్పే లైన్‌మన్‌ని అడిగితే వీధి వీధికీ నోటితోనే చెప్పేస్తాడు.